చెట్టు కొట్టిన చెయ్యి

మొన్న శనివారం మా పిన్ని కూతురు నిత్య వచ్చింది. దానికిప్పుడు ఏడో నెల. ఆష్‌బర్న్‌లో ఉన్న పాత ఇల్లు అమ్మేసి పిన్నీ బాబాయీ చిన్న ఇంట్లోకి మారుతున్నారు. బేస్‌మెంట్ ఖాళీ చేస్తుంటే అట్టపెట్టెలో దొరికిందని పాత ఫోటోల ఆల్బమ్ చంకన పెట్టుకొచ్చింది. మా ఇంటి వెనక చెక్కల డెక్ మీద కుర్చీలో కూలబడి, నేనిచ్చిన మజ్జిగ ముట్టుకోకుండా, పేజీలు తిప్పి నా ముందుకు తోసింది. "అక్కా, చూడు. ఇదిగో అమ్మమ్మ. ఇక్కడ కూడా అమ్మమ్మే. నా కోసమే ఇండియా నుంచి వచ్చింది కదా? కానీ ఒక్క ఫోటోలో కూడా నన్ను ఎత్తుకోలేదు. అన్నిట్లో చెయ్యి శారీలో దాచేసుకుంది. అమ్మని అడిగితే, వదిలెయ్ అంటుంది. అమ్మమ్మకి నేనంటే ఇష్టం లేదా?" అంది.

నేను ఆల్బమ్ దగ్గరికి లాక్కుంటుండగానే పెరటి చెట్ల వైపు నుంచి పసుపూ నలుపూ చారలున్న ఈగ ఒకటి రయ్యిమని వచ్చి సరిగ్గా దాని మొహం ముందు గాల్లో నిలబడింది. బొటనవేలి కణుపంత ఉంటుంది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు, ఏదో అడగడానికి వచ్చినట్టు మొహంలోకి చూస్తూ ఉంటుంది. "వాస్ప్! అక్కా, వాస్ప్!" అని నిత్య కడుపు మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. "కదలకు. అది కందిరీగ కాదు, ఉత్త ఈగ. కుట్టడానికి దానికి ముల్లే లేదు" అన్నాను. కాసేపు నిలబడి అది వెళ్ళిపోయింది. పెరట్లో ఒక ఎండు మొద్దును కుళ్ళనిచ్చి ఉంచుకున్నాను నేను. చుట్టుపక్కలవాళ్ళు కాలనీ అసోసియేషన్‌కి ఎన్నిసార్లు ఫిర్యాదు చేసినా తియ్యలేదు. ఆ మొద్దు ఎందుకు ఉంచుకున్నానో, అమ్మమ్మ చెయ్యి ఎందుకు దాచుకుందో, రెండింటికీ జవాబు ఒకటే. అది నిత్యకి ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పకపోవడం అన్యాయం అనిపించింది.

అప్పట్లో నేను బయాలజీలో మాస్టర్స్ చదువుతున్నాను. నాతో విమానం ఎక్కినవాళ్ళందరూ కంప్యూటర్లు చదివి ఒడ్డున పడుతుంటే నేను పురుగులు చదువుతున్నానని బాబాయి నన్ను "పురుగుల డాక్టరమ్మా" అని పిలిచేవాడు. ఆ వేసవికి యూనివర్సిటీ నుంచి పిన్ని వాళ్ళింటికి వచ్చేశాను. ఇప్పుడు ఆష్‌బర్న్ అంటే కిటికీల్లేని డేటా సెంటర్లు, రాత్రీ పగలూ వాటి రొద. అప్పుడది అడవిని కొరుక్కుంటూ కొత్తగా లేస్తున్న ఇళ్ళ వరస. పిన్ని వాళ్ళది చివరి ఇల్లు, వెనక కంచె దాటితే చెట్లే. పిన్నికి అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి డాక్టరు మంచం దిగొద్దంది. కింది అంతస్తులో వెనకవైపు గదిలో, కిటికీ పక్కన మంచం వేసి పిన్నిని పడుకోబెట్టారు. ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వేవాళ్ళు కాదు. గిన్నె జారి కింద పడితే బాబాయీ నేనూ ఒకేసారి ఆ గది వైపు చూసేవాళ్ళం. పుట్టబోయే బిడ్డ గురించి మాట్లాడటం కూడా దిష్టి అన్నట్టు ఉండేది.

పురుడు పొయ్యడానికి తెనాలి నుంచి అమ్మమ్మ వచ్చింది. ఆవిడ వచ్చిన మర్నాటి నుంచే ఆ ఇంటి వాసన మారిపోయింది. తెల్లారకముందే ఫిల్టర్ కాఫీ, పూజలో కర్పూరం, మధ్యాహ్నం పిన్ని కోసం నేతిలో వేయించిన మెంతులు. పోపు వేసినప్పుడల్లా పొగ అలారం కూసేది. అమ్మమ్మ చీపురు కర్రతో దాని నోరు నొక్కి, "ఇంత పిరికి ఇల్లు ఎక్కడా చూళ్ళేదే" అనేది. ఆవిడకున్న మరో అలవాటు, అల్లుడితో నేరుగా మాట్లాడకపోవడం. బాబాయి ఎదురుగానే కూర్చుని ఉన్నా, తలుపు పక్కకి జరిగి, "మీ బాబాయిని అన్నానికి లెమ్మను" అని నాతో చెప్పేది. "లేస్తున్నానని చెప్పు" అని ఆయన నాతోనే అనేవాడు. ఇద్దరి మధ్యా నేను టెలిఫోను తీగనైపోయాను. మామూలు రోజుల్లో అది నవ్వులాటగానే ఉండేది. ఆ వేసవిలో మాత్రం ఆ తీగ మీద నడిచిన మాటలు నన్ను కోసేశాయి.

గొడవంతా చెట్టు దగ్గర వచ్చింది. పిన్ని పడుకున్న కిటికీకి ఎదురుగా, కంచెకి ఇవతల, ఒక పాత ఓక్ చెట్టు ఉండేది. ఇళ్ళు కట్టినవాళ్ళు అందానికని దాన్ని వదిలేశారట. మేం చూసేసరికి సగం కొమ్మలు ఎండిపోయి, మాను ఇంటి వైపు వాలి ఉంది. మొదలు దగ్గర బెరడు చీలి, లోపలి నుంచి నల్లటి నీరు కారుతుండేది. గాలి వేస్తే చాలు, ఎండుకొమ్మలు పచ్చిక మీద రాలేవి. ఆ చీలిక చుట్టూ ఈ చారల ఈగలు. ఒక్కోసారి పిన్ని కిటికీ అద్దం దగ్గరికొచ్చి గాల్లో నిలబడి లోపలికి చూసేవి. ఒకరోజు బాబాయి కందిరీగల మందు డబ్బా పట్టుకుని బయల్దేరాడు. అమ్మమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి తలుపుకి అడ్డం నిలబడింది. "కందిరీగ ఇల్లు వెతుక్కుంటూ వస్తే ఆ ఇంట్లో కడుపు పండుతుందే. మా అమ్మ చెప్పింది, నాకు ఇద్దరు పుట్టినప్పుడూ చూశాను. వాటిని చంపొద్దని మీ బాబాయికి చెప్పు" అంది. బాబాయి డబ్బా కింద పెట్టేశాడు. పక్కింటి ముసలామె డొరొతీ కంచె మీంచి విని, ఇటువైపు వాళ్ళు దాన్ని న్యూస్ బీ అంటారని, పసుపుది మొహం ముందు నిలబడితే మంచి వార్త వస్తుందని చెప్పింది. నేనది తెలుగులో చెప్పాక అమ్మమ్మ మొహం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి డొరొతీకి మా ఇంటి నుంచి గారెలు వెళ్ళడం మొదలైంది.

ఈగల్ని చంపకపోవడం సరే, చెట్టు మాటేమిటి? అది పడితే పిన్ని మంచం మీదే పడుతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మంచం పైకి మారుద్దామంటే మెట్లు ఎక్కకూడదు, ముందు గదిలోకంటే అక్కడ బాత్రూమ్ లేదు. బాబాయి ఇంజనీరు, మనిషిని పెట్టి కొట్టించెయ్యడం ఆయనకి ఎంత పని? కానీ పెళ్ళాం కడుపుతో ఉంటే మొగుడు చెట్టు కొట్టకూడదని మనవాళ్ళ నియమం. కొట్టకూడదు, కొట్టించకూడదు. నేను ఒకసారి "అమ్మమ్మా, ఈ కాలంలో కూడా ఈ చాదస్తమేంటి" అని విసుక్కున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వంటింటి మూలకి లాక్కెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది. పోయినసారి పిన్నికి మూడో నెలలో, డెక్ కట్టాలని బాబాయి పెరట్లో పియర్ చెట్టు తన చేత్తో నరికాడట. ఆ వారమే కడుపు పోయింది. "నేను ఆయన్ని ఒక్క మాట అనలేదే. అనను కూడా. కానీ ఆయనకి తెలుసు" అంది. గరాజ్‌లో గోడకి తగిలించి ఉన్న గొడ్డలి వైపు బాబాయి ఎప్పుడూ ఎందుకు చూడడో నాకు అప్పుడు అర్థమైంది. చదువుకున్నవాడు, నమ్మనని పైకి అంటాడు, లోపల నమ్మి చస్తున్నాడు.

ఇంతలో గాలివానల రోజులు వచ్చాయి. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు, కానీ టీవీలో వాతావరణం మ్యాపు చదవడం నేర్చేసుకుంది. పచ్చరంగైతే వాన, పసుపైతే పెద్ద వాన, ఎరుపైతే దేవుడా అని. సాయంత్రమయ్యేసరికి టీవీ ముందు కింద కూర్చుని, ఎరుపు మన వైపు వస్తోందా అని నన్ను పిలిచేది. గాలి లేచినప్పుడల్లా పిన్ని గదిలోకి వెళ్ళి, మంచానికీ కిటికీకీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చునేది. చెట్టు పడితే ఆ ముసలి ఒళ్ళు ఏం ఆపుతుంది? ఆ మాట పిన్ని అడిగింది కూడా. "ఎందుకమ్మా అక్కడ, ఇటు వచ్చి కూర్చో" అంది. "ఇక్కడ గాలి బాగుందే" అంది అమ్మమ్మ. కిటికీ మూసే ఉంది. బాబాయి గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూసి, వెళ్ళి కారులో కూర్చునేవాడు.

నేను చెట్టు దగ్గరికి వెళ్ళింది ఈ ఆందోళన భరించలేకే. నా చదువు ఈ ఇంట్లో ఒక్కసారైనా అక్కరకి రావాలి కదా. చీలిక దగ్గర కూర్చుని ఒక ఈగని దగ్గరగా చూశాను. కందిరీగకి నాలుగు రెక్కలు, దీనికి రెండే. మొహమంతా కళ్ళు, మీసాలు పొట్టి. కందిరీగ వేషం వేసుకుని పిట్టల్ని బెదిరించి బతికే ఈగ ఇది. ఆడది చీలిక అంచున వాలి, లోపలికి నడిచి, గుడ్లు పెట్టి వస్తోంది. నేను చెయ్యి పెట్టి లోపలి చెక్కని లాగితే పిడికెడు ఊడి వచ్చింది, కాఫీ కాచాక మిగిలిన పిప్పిలా. అందులో పొట్టి తోకలున్న మాసిన తెల్లటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఈ ఈగల పిల్లలు అవే. అడవిలో ఇవి గట్టి చెట్టులో బతకవు. లోపలి చేవ కుళ్ళి, నీరు నిలిచి, మెత్తబడిన మానే వాటికి పురిటిల్లు. చీపురు కర్ర తెచ్చి చీలికలో పెట్టి నెట్టాను. ఎక్కడా తగలకుండా మొత్తం లోపలికి పోయింది. ఇన్నాళ్ళూ మేం శుభశకునం అని మురిసిపోతున్నది, ఆ చెట్టు ఇక నిలబడదన్న కబురు.

అమ్మమ్మ వంటింట్లో బాలింత పథ్యానికి శొంఠి వేయిస్తోంది. ఇల్లంతా ఘాటు. నేను పక్కన నిలబడి చెప్పాను. "అమ్మమ్మా, అవి కందిరీగలు కావు. కుళ్ళిన చెట్టులో పుట్టే ఈగలు. అన్ని ఉన్నాయంటే లోపల మాను లేదు, డొల్ల."

"ఈగలైతే మాత్రం ఏం? ఇంటికొచ్చాయిగా" అంది, గరిటె ఆపకుండా.

"కర్ర మొత్తం లోపలికి పోయింది, అమ్మమ్మా."

గరిటె ఆగింది. "పడితే ఎటు?" అంది. నేను చేత్తో చూపించాను. ఆవిడ స్టవ్ ఆపేసి, కొంగుతో చేతులు తుడుచుకుని, పెరట్లోకి నడిచింది. చీపురు కర్ర తనే చీలికలో పెట్టి చూసింది. బయటికి తీసి దాని మీది తడిని వాసన చూసింది. చాలాసేపు కిటికీ వైపూ చెట్టు వైపూ మార్చి మార్చి చూస్తూ నిలబడింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో నాకు ఆ మొహంలో కనిపించింది. చెట్టుని ఉంచితే కూతురు మీద పడుతుంది. కొడితే కడుపు మీద పడుతుంది. ఆవిడకి రెండూ సమానమైన నిజాలే. చివరికి నా వైపు తిరిగి, "మొగుడు కొట్టకూడదన్నారు. తల్లి కొట్టకూడదని ఎవరూ అనలేదుగా?" అంది. నాకు తెలిసినంతలో అనలేదన్నాను. "అయితే నువ్వే ఫోన్ చెయ్యి. మీ బాబాయి చేత చేయించకు. కొట్టాలన్న తలపు కూడా ఆయనది కాకూడదు. దీనికి ఏదన్నా తగిలేది ఉంటే నాకు తగలాలి" అంది.

చెట్లు కొట్టేవాళ్ళు వచ్చిన రోజు పొద్దున్నే బాబాయిని కారులో ఎక్కించి వీధి చివరికి పంపేసింది. అటు తిరిగి కూర్చోమని నా చేత చెప్పించింది. అంత మనిషీ తలొంచుకుని వెళ్ళిపోయాడు. తలమీద టోపీలు, చేతుల్లో రంపాలు ఉన్న మనుషులు పచ్చిక మీద నిలబడి చూస్తుంటే, అమ్మమ్మ తలస్నానం చేసి, మాను మొదట్లో పసుపు నీళ్ళు చల్లి, చేతులు జోడించింది. "ఇందులో కాపురం ఉన్నవాళ్ళందరూ వేరే చోటు చూసుకోండి నాయనా. వెళ్ళగొడుతోంది నేను. మా అల్లుడు కాదు, మా అమ్మాయి కాదు" అని పైకే చెప్పింది. గరాజ్ నుంచి నేను తెచ్చిన గొడ్డలి అందుకుంది. నా చెయ్యి తోడు పెట్టబోతే మోచేత్తో తోసేసింది. కుడిచేత్తో ఎత్తి ఒక్క దెబ్బ వేసింది. గొడ్డలి చప్పుడు లేకుండా బెరడులో దిగబడింది. తర్వాత రంపాలు మొదలయ్యాయి. పైనుంచి ముక్కలు ముక్కలుగా దించారు. చివరికి మాను మొదలు కోస్తే లోపల భుజం దాకా చెయ్యి పట్టేంత బొరియ. ఇన్నాళ్ళు ఎలా నిలబడిందో అని వాళ్ళలో పెద్దవాడు తల ఊపాడు. అమ్మమ్మ నన్ను పిలిచి, ఆ కుళ్ళిన మొద్దుని మాత్రం పట్టుకుపోవద్దని, కంచె అవతల అడవిలో పడుకోబెట్టమని చెప్పించింది. "ఇల్లు కూల్చాం. కూలిన ఇల్లన్నా వాళ్ళకి వదలాలి" అంది. ఆ మాట ఇంకా ఆవిడ నోట్లో ఉండగానే కిటికీలోంచి పిన్ని కేక వినిపించింది.

నొప్పులు వచ్చేశాయి. ఇంకా నెలన్నర టైముంది. నేను వీధి చివరికి పరిగెత్తి బాబాయిని పిలుచుకొచ్చాను. పిన్నిని కారెక్కించి హాస్పిటల్‌కి చేరాం. లోపలికి తీసుకెళ్ళాక మేం ముగ్గురం బయట కుర్చీల్లో కూర్చున్నాం. అమ్మమ్మ కుడిచేతిని కొంగులో చుట్టుకుని, అది తనది కానట్టు ఒళ్ళో పెట్టుకుంది. "చెట్టుకీ దీనికీ సంబంధం లేదు అమ్మమ్మా, ఎవరికైనా వస్తాయి ఇలా" అన్నాను. "నీ పురుగులు చెప్పింది నిజం. మా పెద్దవాళ్ళు చెప్పిందీ నిజమే అయితే?" అంది. కాసేపటికి ఆవిడ పెదవులు కదిలాయి. బిడ్డ బతికి బయటపడితే, చెట్టు కొట్టిన ఈ చెయ్యి దానికి ఎన్నడూ తగలనివ్వనని మొక్కుకుంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను. బాబాయీ విన్నాడు. ఆయన లేచి వచ్చి ఆవిడ ముందు నేల మీద కూర్చుని, జీవితంలో మొదటిసారి, "అత్తయ్యగారూ, అలా అనకండి" అన్నాడు. ఆవిడ పక్కకి జరగలేదు, నన్ను తీగగా వాడుకోలేదు. "అనేశాను బాబూ" అంది.

నిత్య ఆ సాయంత్రం పుట్టింది. అరచేతిలో పట్టేంత. కొన్నాళ్ళు గాజుపెట్టెలో ఉండి, తర్వాత ఇంటికొచ్చింది. ఆలోపే ఒక గాలివాన వచ్చి ఆ వరసలో చాలా చెట్లు పడగొట్టింది. పిన్ని గది కిటికీ చెక్కుచెదరలేదు. న్యూస్ బీ అబద్ధం చెప్పదని డొరొతీ కేకు పట్టుకొచ్చింది. అందరికీ సంతోషమే. కానీ ఈ బిడ్డకి నలుగు పెట్టి, నీళ్ళు పొయ్యడానికే సముద్రాలు దాటి వచ్చిన మనిషి ఆ బిడ్డని చేత్తో ముట్టుకోలేదు. ఏడిస్తే ఉయ్యాల దగ్గరికి పరిగెత్తి, అక్కడ ఆగిపోయి, "ఎత్తుకోవే, ఎత్తుకోవే" అని నన్ను పిలిచేది. పిన్ని బతిమాలింది, ఏడ్చింది, అలిగి అన్నం మానేసింది. నేను సైన్సంతా వల్లించాను. మొక్కు మొక్కే అంది. ఎడంచేతిని కూడా నమ్మలేదు, ఒళ్ళు మరిచి కుడిచెయ్యి సాయం వస్తుందేమోనని. వీసా అయిపోయి తిరిగి వెళ్ళేదాకా అంతే. తర్వాత చాలా ఏళ్ళు బతికింది. మోకాలు నొప్పి పుట్టినా, పన్ను ఊడినా "ఆ చెట్టు ఉసురే" అని ఫోన్‌లో నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు అనిపిస్తుంది, అంత పెద్ద నమ్మకాలు నాకొక్కటీ లేవు, అందుకని నష్టపోయిందీ లేదు, కాపాడిందీ లేదు.

ఇదంతా విని నిత్య ఆల్బమ్ మూసేసింది. కళ్ళు తుడుచుకుంది. "సో, నెవర్? ఒక్కసారి కూడా నన్ను టచ్ చెయ్యలేదా?" అంది. అప్పుడు చెప్పాను, ఆ ఆల్బమ్‌లో లేని సంగతి. పిల్లల స్నానం ఎవరూ ఫోటో తియ్యరు, దిష్టి. రోజూ పొద్దున బాత్రూమ్‌లో పీట వేసుకుని అమ్మమ్మ చీర మోకాళ్ళ పైకి దోపుకునేది. గోడకి ఆనుకుని, రెండు కాళ్ళూ బారచాపి, పాదాలు దగ్గరగా చేర్చి, చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకునేది. "వెయ్యి దాన్ని నా కాళ్ళ మీద. చెట్టు కొట్టింది చెయ్యి కదా, కాళ్ళు కాదుగా" అనేది. నేను ఆవిడ కాళ్ళ మధ్య నిత్యని పడుకోబెట్టి, ఆవిడ చెప్పినట్టల్లా నూనె రాసి, నలుగు పెట్టి, చెంబుతో నీళ్ళు పోసేదాన్ని. బిడ్డ జారకుండా ఆవిడ పాదాలతోనే పట్టుకునేది. నీళ్ళు అయిపోయాక కూడా "ఉంచవే, ఇంకాసేపు ఉంచు" అనేది. సాంబ్రాణి పొగలో ఆ ఇద్దరూ అలాగే ఉండేవాళ్ళు, బిడ్డ నిద్రపోయేదాకా.

నిత్య కుర్చీలోంచి మెల్లగా దిగి డెక్ చెక్కల మీద కూర్చుంది. గోడకి ఆనుకుని, రెండు కాళ్ళూ ముందుకు చాపింది. పాదాలు దగ్గరగా చేర్చి, మధ్యలో ఖాళీ వైపు చూసింది.

"ఇలాగేనా, అక్కా?" అంది.